అక్వేరియంలో చేపలు వింతగా ప్రవర్తిస్తుంటే: మందు వేసే ముందు నీటిని పరీక్షించడం ఎలా

తిరుపతిలో అక్వేరియం పెట్టుకున్నవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "నిన్నటి దాకా హాయిగా తిరిగిన చేపలు ఈరోజు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఏ మందు వేయాలి?" కొందరు చేప మూలన నక్కిందంటారు. కొందరు రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోందంటారు. లక్షణం ఏదైనా ప్రశ్న మాత్రం మందు దగ్గరే ఆగుతుంది. మందు సీసా పక్కన పెట్టి ముందు నీళ్ళ సంగతి చూడమని అందరికీ చెబుతూనే ఉన్నాను. ఎలా చూడాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మన ఊళ్ళో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఒకే ఇంటికి మూడు రకాల నీళ్ళు వస్తాయి. మున్సిపల్ కుళాయిలో తెలుగు గంగ నీరో కల్యాణి డ్యాం నీరో వస్తుంది. అది చాలని రోజు బోరు వేస్తాం. ఎండాకాలంలో ట్యాంకరు తెప్పిస్తాం. అన్నీ మిద్దె మీది ఒకే ట్యాంకులో కలుస్తాయి. బోరు నీటికి అలవాటు పడిన గప్పీ చేప బోరు నీటిలో బాగానే బతుకుతుంది. కుళాయి నీటికి అలవాటు పడినదీ అంతే. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి పోస్తే మాత్రం ఏ చేపా తట్టుకోలేదు. మనకు తెలియకుండానే నీరు మారిపోవడం వల్ల పోయే చేపలే ఇక్కడ ఎక్కువని నా నమ్మకం.

కావలసినవి

- నీటిలో ముంచే థర్మామీటరు. గాజుకు బయట అంటించే పట్టీ గది వేడిని కూడా కలిపి చూపిస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మలేం.
- చుక్కలు వేసి రంగు చూసే పరీక్ష కిట్. అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) నాలుగూ ఉంటే మంచిది. డబ్బు సరిపోకపోతే ముందు అమోనియా, పీహెచ్ కొనండి.
- చేపల కోసమే కేటాయించిన రెండు బకెట్లు. వాటికి సబ్బు ఎప్పుడూ తగలకూడదు.
- అడుగున పేరుకున్న మురికిని లాగే సైఫన్ గొట్టం.
- క్లోరిన్ విరుగుడు మందు.
- ఎయిర్ పంపు. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచేది ఇంకొకటి.
- కల్లుప్పు.
- ఒక నోటు పుస్తకం.

టీడీఎస్ మీటరు ఈ జాబితాలో లేదు. ఆర్‌ఓ యంత్రం బాగుచేసే వాళ్ళ దగ్గర ఉండే ఆ మీటరు నీటిలో కరిగిన లవణాలు మొత్తం ఎన్ని ఉన్నాయో చెబుతుంది. అందులో అమోనియా ఎంతో చెప్పదు. మీటరులో 200 చూసి నీళ్ళు బాగున్నాయనుకుని, అమోనియాలో చేపలను వదిలేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

1. పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా చూడండి

గాజు మీద తట్టవద్దు, మేత వేయవద్దు. కాస్త దూరంగా కూర్చుని ఒక్క విషయం తేల్చుకోండి: ఇబ్బంది పడుతున్నది ఒక్క చేపా, అన్నీనా? రకరకాల చేపలు ఒకేసారి ఇబ్బంది పడుతుంటే తప్పు దాదాపు ఎప్పుడూ నీటిదే. మిగతావన్నీ బాగుండి ఒక్కటే డీలాపడితే అది జబ్బు కావచ్చు, గాయం కావచ్చు, పక్క చేప తరమడం కావచ్చు.

తరువాత మొప్పలు చూడండి. నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. చేపలు బాగున్న రోజున కూడా ఒకసారి ఇలా లెక్కపెట్టి ఉంచుకుంటే పోల్చుకోవడానికి పనికొస్తుంది. పెద్ద చేపకూ చిన్న చేపకూ లెక్క వేరు కనుక ఏ చేపను దానితోనే పోల్చాలి.

2. ప్రవర్తనను బట్టి ఎక్కడ వెతకాలో తెలుసుకోండి

*అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే:* ప్రాణవాయువు చాలకపోవడం, లేదా అమోనియా, నైట్రైట్, క్లోరిన్ వల్ల మొప్పలు పనిచేయలేకపోవడం. ఇది ఏ వేళలో జరుగుతోందో చూడండి. తెల్లవారుజామున మాత్రమే ఉండి పది గంటలకల్లా తగ్గిపోతే, మొక్కలు ఎక్కువగా ఉన్న తొట్టెలో రాత్రిపూట ప్రాణవాయువు తగ్గుతోందని అర్థం. రాత్రంతా ఎయిర్ పంపు నడపండి. నీళ్ళు మార్చిన గంటలోపు మొదలైతే క్లోరిన్‌ను అనుమానించండి. ఫైటర్, గౌరామి చేపలు అప్పుడప్పుడు పైకొచ్చి గాలి గుటకేసి వెళ్ళడం వాటి సహజ లక్షణం. అడుగున తిరిగే కోరిడోరస్ కూడా అలాగే చేస్తుంది. వీటిని చూసి కంగారుపడకండి.

*రాళ్ళకు, గాజుకు ఒళ్ళు రుద్దుకుంటుంటే:* చర్మం మీద పరాన్నజీవులు ఉండవచ్చు. అమోనియా, క్లోరిన్ వల్ల కలిగే మంట కూడా కావచ్చు. ఒంటి మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తే అది తెల్లచుక్కల జబ్బు. చుక్కలు లేకపోతే ముందు నీటి పరీక్ష చేయండి.

*రెక్కలు ఒంటికి అంటించుకుని మూలన ఉంటే:* చలి, పీహెచ్ ఒక్కసారిగా మారడం, కొత్తచోటు బెదురు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీటరు లేని తొట్టెల్లో ఇది మామూలుగా కనిపిస్తుంది.

*పిచ్చి పట్టినట్టు అటూ ఇటూ దూసుకుపోతూ గాజుకు కొట్టుకుంటుంటే:* నీటిలో ఏదో విషం పడింది. దీనికి ఆలస్యం చేయవద్దు. నేరుగా 5వ అంచెకు వెళ్ళండి.

*వెల్లకిలా తేలుతుంటే, పక్కకు ఒరిగి ఈదుతుంటే:* గుండ్రటి పొట్ట ఉన్న గోల్డ్‌ఫిష్‌లలో ఇది ఎక్కువ. మేత ఎక్కువై, చేప నీటిలో తేలడానికి తోడ్పడే గాలితిత్తి మీద ఒత్తిడి పడుతుంది. రెండు రోజులు మేత ఆపి, తరువాత ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ కొద్దిగా పెట్టి చూడండి.

3. గత మూడు రోజుల్లో ఇంట్లో ఏం మారిందో గుర్తు చేసుకోండి

అసలు కారణం ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది. ఇంట్లో అందరినీ అడగండి.

మిద్దె ట్యాంకు కడిగారా? బ్లీచింగ్ పౌడరు వేశారా? ట్యాంకరు నీళ్ళు పోయించారా? గదికి రంగులు వేశారా, సున్నం కొట్టారా? బొద్దింకలకో దోమలకో మందు చల్లారా? దోమల మందుల్లో వాడే పైరెత్రాయిడ్ రసాయనాలు మనుషులకన్నా చేపలకు ఎన్నో రెట్లు ప్రమాదకరం. ఎయిర్ పంపు గదిలోని గాలినే లాగి నీళ్ళలోకి పంపుతుంది. మందు చల్లినా, కాయిల్ వెలిగించినా, శుక్రవారం సాంబ్రాణి వేసినా ఆ పొగను కూడా అదే నీళ్ళలోకి తోస్తుంది. అలాంటప్పుడు పంపును వేరే గదిలో పెట్టి గొట్టాన్ని పొడిగించండి. తొట్టె మీద తడిగుడ్డ కప్పండి.

మరొకటి మేత. కొండకు దర్శనానికని బంధువులు దిగినప్పుడు వాళ్ళ పిల్లలు ముచ్చటపడి చేపలకు మేత వేస్తూనే ఉంటారు. ఎవరికి వారు ఒక్క చిటికెడే వేశామనుకుంటారు. తినకుండా మిగిలిన మేత కుళ్ళి రెండు రోజుల్లో అమోనియా అవుతుంది. చుట్టాలు ఉన్నన్ని రోజులూ మేత డబ్బా బీరువాలో పెట్టడం మంచిది.

4. నీటిని పరీక్షించండి

ఒకేసారి మూడు నమూనాలు తీసుకోండి: తొట్టె నీరు, మీరు కొత్తగా పోయబోయే నీరు, ఆర్‌ఓ నీరు. మూడోది కిట్‌ను పరీక్షించడానికి. ఆర్‌ఓ నీటిలో అమోనియా సున్నా చూపించాలి. అక్కడే అమోనియా ఉన్నట్టు ఆకుపచ్చ రంగు తేలితే కిట్ పాడైందనో గాజు గొట్టం సరిగ్గా కడగలేదనో అనుకోండి.

రంగును పగటి వెలుతురులో, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. పసుపు బల్బు కింద పసుపుకూ లేత ఆకుపచ్చకూ తేడా తెలియదు. నైట్రేట్ సీసాలను కిట్‌లో చెప్పినంతసేపు గట్టిగా ఊపాలి. లేకపోతే అసలు కన్నా తక్కువ చూపిస్తుంది.

బోరు నీరైతే ఇంకో మెలిక ఉంది. బోరు నుంచి అప్పుడే వచ్చిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ప్రాణవాయువు తక్కువ. అందువల్ల పీహెచ్ తక్కువగా కనిపిస్తుంది. అదే నీటిని బకెట్లో పోసి ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచి మళ్ళీ చూస్తే పీహెచ్ పెరుగుతుంది. మీ చేపలు బతకబోయేది ఆ రెండో అంకెలోనే.

అంకెలను ఇలా అర్థం చేసుకోండి. అమోనియా సున్నా ఉండాలి. నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములకు మించకూడదు, 20 లోపు ఉంటే ఇంకా మంచిది. పీహెచ్ 6.5 నుంచి 8.2 మధ్య ఎక్కడున్నా చాలా రకాలు సర్దుకుంటాయి. అది నిలకడగా ఉండటమే ముఖ్యం.

సిద్ధాంతం ఒక్క ముక్కే చెబుతాను. చేప విసర్జించే అమోనియాను ఫిల్టరులోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. అమోనియాలో ఎంత భాగం విషంగా ఉంటుందనేది పీహెచ్‌ను బట్టి మారుతుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8కి చేరితే సుమారు అయిదు వంతులు, 8.5కి చేరితే పదిహేను వంతులు. నీటి వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. లవణాలతో పాటు పీహెచ్ కూడా ఎక్కువగా ఉండే కఠినమైన బోరు నీటి తొట్టెలో కొద్దిపాటి అమోనియాను కూడా తేలికగా తీసుకోవద్దని చెప్పేది ఇందుకే.

5. అత్యవసరమైతే

చేపలు దూసుకుపోతున్నా, ఒరిగిపోతున్నా పరీక్షల కోసం ఆగవద్దు. ఎయిర్ పంపు పూర్తి వేగంతో పెట్టండి. క్లోరిన్ విరుగుడు మందును తొట్టె మొత్తానికి సరిపడా వేయండి. పురుగుమందు పడిందని తెలిస్తే ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ (విషాలను పీల్చుకునే బొగ్గు) పెట్టండి. ఆ తరువాత కింద చెప్పిన పద్ధతిలో నీళ్ళు మార్చండి. కరెంటు లేకపోతే తొట్టె నీటినే చెంబుతో తీసి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టెలోకే పోస్తూ ఉండండి. ప్రాణవాయువు నీటిలోకి చేరడానికి అది కూడా చాలు.

6. నీళ్ళు మార్చడం

చేపలు ఎక్కువగా పోయేది ఈ పనిలోనే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు తొట్టెలో ఎన్ని లీటర్లున్నాయో లెక్కించండి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగించండి. 60, 30, 30 అయితే 54 లీటర్లు. ఇసుక, రాళ్ళు పోగా 45 అనుకోండి. క్లోరిన్ విరుగుడైనా ఉప్పైనా ఈ లెక్క మీదే.

కొత్త నీరు తెల్లవారుజామున పట్టుకోండి. మే నెలలో మధ్యాహ్నం మిద్దె ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చేతికే కాలుతాయి. బకెట్లో పోసి క్లోరిన్ విరుగుడు కలిపి, గాలి పెట్టి కొన్ని గంటలు ఉంచండి. మందు దొరకకపోతే వెడల్పైన బకెట్లో గాలి పెట్టి ఒక రోజంతా ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. క్లోరిన్, అమోనియా కలిసిన క్లోరమైన్ మాత్రం అలా పోదు. అందువల్ల మందు ఉంటే అదే వాడండి.

ఇప్పుడు బకెట్ పీహెచ్, తొట్టె పీహెచ్ పోల్చండి. తేడా 0.5 లోపు ఉంటే అత్యవసరంలో సగం దాకా మార్చవచ్చు. మామూలు రోజుల్లో వారానికి పావు వంతు చాలు. తేడా 0.5 దాటితే ఒక్కో విడత పదో వంతు మించకుండా, రోజుకు రెండుసార్లు చొప్పున మార్చండి. రెండింటి వేడిలోనూ రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు.

హెచ్చరిక: నెలల తరబడి నీళ్ళు మార్చని తొట్టెను ఒక్కరోజులో మొత్తం కడగవద్దు. అలాంటి తొట్టెలో పీహెచ్ మెల్లగా 6 దాకా పడిపోయి ఉంటుంది. అందులో అమోనియా పేరుకున్నా విషం కాని రూపంలో ఉండటం వల్ల చేపలు నెట్టుకొస్తుంటాయి. మీరు పీహెచ్ 8 ఉన్న బోరు నీరు సగం పోయగానే ఆ అమోనియా విషంగా మారుతుంది. "శుభ్రం చేసిన మరునాడే అన్నీ చచ్చిపోయాయి" అని చెప్పేవాళ్ళ ఇళ్ళలో చాలాసార్లు జరిగింది ఇదే. ఆ చేపలను చూసుకోవాలనే వాళ్ళు కష్టపడి తొట్టె కడిగారు. అందుకే ఈ హెచ్చరిక ఎన్నిసార్లైనా చెబుతాను.

7. నైట్రైట్ ఉంటే ఉప్పు, అమోనియా ఉంటే ఫిల్టరు

నైట్రైట్ రక్తంలోకి చేరి ప్రాణవాయువును మోసుకెళ్ళనివ్వదు. ఉప్పులోని క్లోరైడు దాన్ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. లీటరుకు ఒక గ్రాము కల్లుప్పు చొప్పున, వేరే గిన్నెలో కరిగించి, కొన్ని గంటల వ్యవధిలో రెండు మూడు విడతలుగా పోయండి. మొక్కలు, కోరిడోరస్ ఉన్న తొట్టెలో అంత వేయవద్దు. ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి ఆవిరైన నీటి స్థానంలో నీళ్ళు పోసినప్పుడు మళ్ళీ ఉప్పు వేయనక్కరలేదు.

అమోనియా తగ్గకపోతే మేత ఒకటి రెండు రోజులు ఆపండి. ఎదిగిన చేపలకు దానివల్ల నష్టం లేదు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద ఎప్పుడూ కడగవద్దు. క్లోరిన్‌కు అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టె నుంచి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ళ ఆరోగ్యకరమైన తొట్టె నుంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి మీ ఫిల్టరులో పెట్టుకుంటే ఆ సమయం బాగా తగ్గుతుంది.

8. ఎండాకాలం

నీరు వేడెక్కే కొద్దీ ప్రాణవాయువును నిలుపుకునే శక్తి తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు నిలిచేది 32 డిగ్రీలకు 7.3కు పడిపోతుంది. అదే సమయంలో చేపకు అవసరం పెరుగుతుంది. తొట్టె మూత తీసి వల కప్పి, చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గడ్డకట్టించిన నీళ్ళ సీసాను మూత బిగించి తేలవేయవచ్చు. ఐసు ముక్కలు నేరుగా వేయవద్దు.

ఫ్యాను వల్ల రోజూ నీరు ఆవిరవుతుంది, లవణాలు మాత్రం తొట్టెలోనే ఉండిపోతాయి. ఆ లోటును బోరు నీటితో పూడ్చుకుంటూ పోతే కాఠిన్యం వారం వారం పెరుగుతుంది. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీరు పోయండి. అయితే తొట్టె మొత్తం ఆర్‌ఓ నీటితో నింపవద్దు. లవణాలు లేని నీటిలో పీహెచ్ నిలవదు.

9. ఒక్క చేపకే జబ్బైతే

నీటి పరీక్షలన్నీ సరిగా ఉన్నాయని తేలాకే మందు ఆలోచన చేయండి. ఆ చేపను వేరే తొట్టెలో, పాత తొట్టె నీటితోనే ఉంచి వైద్యం చేయండి. మిథిలీన్ బ్లూ లాంటివి పెద్ద తొట్టెలో వేస్తే ఫిల్టరు బ్యాక్టీరియా దెబ్బతింటుంది. తెల్లచుక్కల జబ్బు దీనికి మినహాయింపు. ఆ పరాన్నజీవి తొట్టె అడుగున కూడా పెరుగుతుంది కనుక మొత్తం తొట్టెకు వైద్యం చేయాలి. చుక్కలు రాలిపోయాయని ఆపకుండా సీసా మీద చెప్పినన్ని రోజులు కొనసాగించాలి.

తరచూ జరిగే పొరపాట్లు

నీళ్ళు తేటగా ఉన్నాయి కాబట్టి మంచివే అనుకోవడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. అమోనియాకు రంగు లేదు. రెండోది, రెండు మూడు మందులు కలిపి వేయడం. మూడోది, పీహెచ్ తగ్గించే ద్రావణాలు. కఠినమైన నీటిలో అవి పీహెచ్‌ను కాసేపు దించుతాయి, మరునాటికి అది మళ్ళీ ఎక్కుతుంది. చేపకు ఆ ఊగిసలాటే ఎక్కువ హాని. కాస్త తగ్గించాలనుకుంటే వీధిలో రాలిన నాటుబాదం ఎండుటాకు ఒకటి కడిగి వేయండి. ఫైటర్ చేపలకు అది బాగా సరిపడుతుంది. ఇక రాళ్ళు, గవ్వలు. అందంగా ఉందని తెచ్చిన రాయి మీద రెండు చుక్కల వెనిగర్ వేసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉంది, అది పీహెచ్‌ను పెంచుతూనే ఉంటుంది.

ఫలితం ఎలా చూసుకోవాలి

నీళ్ళు మార్చిన 24 గంటలకు మళ్ళీ పరీక్షించండి. తరువాత వారం పాటు రోజూ ఒకే వేళకు అమోనియా, నైట్రైట్, పీహెచ్, వేడి రాసుకోండి. అమోనియా, నైట్రైట్ వరుసగా మూడు రోజులు సున్నా చూపించి, మొప్పల లెక్క మామూలుకు వచ్చి, చేపలు మేతకు ఎదురు వస్తుంటే తొట్టె కుదుటపడినట్టే. అంకెలు బాగుండి చేప మాత్రం తినకపోతే 9వ అంచెకు వెళ్ళండి. చేపలు చురుగ్గా ఉండి అమోనియా కనిపిస్తుంటే మాత్రం అంకెనే నమ్మండి. చేప చాలాసేపు ఓర్చుకుంటుంది.

ఆపై మరో రెండు వారాలు నిలకడగా ఉన్నాకే కొత్త చేపలు తెచ్చుకోండి. చెన్నై కొళత్తూరు లాంటి సంతల నుంచి గంటల తరబడి సంచిలో ప్రయాణించిన చేపలైతే, సంచి మూతి విప్పకుండా తొట్టె నీటిలో పావుగంట తేలనివ్వండి. వేడి సమానమయ్యాక విప్పి, ఆలస్యం చేయకుండా వలతో చేపను మాత్రమే తొట్టెలోకి వదలండి. సంచిలోని నీటిలో దారి పొడవునా పేరుకున్న అమోనియా ఉంటుంది. దాన్ని తొట్టెలో పోయకుండా మొక్కలకు పోసేయండి.